మంచు గడ్డకట్టిన ఏసీ గదిని ఎందుకు చల్లబరచలేదు?

గత ఏప్రిల్ నెలలో మా బోయినపల్లి బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె నన్నొక ప్రశ్న అడిగింది. చూడటానికి చిన్న ప్రశ్నే. కాని దానికి సరైన జవాబు వెతకబోయి నేను కూడా ఒకసారి తప్పులో కాలేశాను. ఆ కథంతా ఇప్పుడు మీకు చెబుతాను.

అప్పుడు ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. గంట కొట్టాక అందరూ వెళ్ళిపోయినా ఆ అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడింది.

"సార్, సిరిసిల్లల మా పెద్దనాయినోళ్ళింట్ల ఏసీకి మంచుగడ్డ కట్టింది. గోడ మీదికెళ్ళి నీళ్ళు కారుతున్నయి. గది మాత్రం చల్లవడతలేదు. మంచు గట్టిందంటే మస్తు చల్లగున్నట్టే గదా సార్? మరి గది ఎందుకు చల్లవడతలేదు?"

వాళ్ళ తాతకు అంతకు వారం కిందటే ఎండదెబ్బ తగిలింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి ఆ గదిలోనే పడుకుంటున్నాడు. ఏసీ మెకానిక్‌కు ఫోను చేస్తే "గ్యాస్ అయిపోయింది, నింపాలంటే మూడు వేలయితది" అన్నాడట. డబ్బు సర్దే పనిలో పెద్దనాన్న ఉన్నాడు.

"ఆదివారం దాకా ఆగమని చెప్పు బిడ్డా. అప్పటిదాకా ఏసీ బందు పెట్టి తాతను కూలర్ ముందు పడుకోబెట్టమను. మనం పోయి చూద్దాం" అన్నాను.

వెళ్ళే ముందు, ఏసీ ఎలా పనిచేస్తుందో ఇద్దరం ఒకసారి నెమరువేసుకున్నాం. యంత్రం ఎలా నడుస్తుందో తెలియకుండా అది ఎందుకు ఆగిందో చెప్పలేం కదా!

రంజన్ నేర్పే పాఠం

ఎండాకాలంలో మన ఇళ్ళలో రంజన్ పెడతాం. మట్టికుండ గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరి ఆవిరవుతుంది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని కుండనుంచీ, లోపలి నీటినుంచీ తీసుకుంటుంది. అందువల్ల మిగిలిన నీరు చల్లబడుతుంది. చేతిమీద శానిటైజర్ చుక్క వేసుకుంటే చల్లగా అనిపించడానికీ ఇదే కారణం. ద్రవం ఆవిరిగా మారేటప్పుడు తీసుకొనే ఈ వేడినే బాష్పీభవన గుప్తోష్ణం అంటారని మీరు పాఠంలో చదువుకొన్నారు.

ఏసీలో జరిగేది కూడా సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే. రంజన్‌లో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది, మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోయాలి. ఏసీలో ఆవిరైన పదార్థం ఎక్కడికీ పోదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ, ఒకచోట ఆవిరవుతూ, మరొకచోట మళ్ళీ ద్రవమవుతూ ఉంటుంది. ఆ పదార్థాన్నే మనం మామూలుగా "గ్యాస్" అంటాం. పాత ఏసీలలో ఎక్కువగా ఆర్-22 అనే గ్యాస్ ఉండేది. ఇప్పటివాటిలో చాలా వరకు ఆర్-32 వాడుతున్నారు. మామూలు వాతావరణ పీడనం వద్ద ఆర్-22 మైనస్ 41 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఆర్-32 అయితే మైనస్ 52 డిగ్రీల దగ్గర మరుగుతుంది.

వేడిని మోసే కూలీ

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ చూశారు కదా! మూత బిగించి పీడనం పెంచితే నీరు 100 డిగ్రీల వద్ద మరగదు, ఇంకా వేడెక్కాకే మరుగుతుంది. అంటే పీడనం పెరిగితే మరుగు స్థానం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఏసీ అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

గదిలో ఉండే భాగంలో కూలింగ్ కాయిల్ ఉంటుంది. రాగి గొట్టం, దానికి అంటుకొని పల్చని అల్యూమినియం రేకులు. ఆర్-22 ఏసీలో ఇక్కడి పీడనం సుమారు 6 వాతావరణ పీడనాలు. ఆ పీడనం వద్ద గ్యాస్ 5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గది గాలి 30 డిగ్రీలు ఉంది కనుక, ఆ గాలిలోని వేడి కాయిల్‌లోకి వెళ్ళి లోపలి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. వేడి కోల్పోయిన గాలి చల్లగా బయటికి వస్తుంది.

ఆ ఆవిరిని ఇంటి బయట పెట్టిన యూనిట్‌లోని కంప్రెసర్ లాక్కొని గట్టిగా నొక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు దాని అడుగుభాగం వేడెక్కడం మీకు తెలిసిందే. అలాగే నొక్కిన ఆవిరి కూడా బాగా వేడెక్కుతుంది. పీడనం 19 వాతావరణ పీడనాలకు చేరితే ఆర్-22 సుమారు 50 డిగ్రీల వద్దే ద్రవమవుతుంది. బయటి గాలి 42 డిగ్రీలున్నా, 50 కంటే తక్కువే కదా! కనుక బయటి ఫ్యాను విసిరే గాలికి ఆ వేడినంతా ఇచ్చేసి గ్యాస్ ద్రవంగా మారుతుంది. తరవాత వెంట్రుకలాంటి సన్నని గొట్టం గుండా, అంటే కేశనాళిక గుండా పోయేసరికి పీడనం పడిపోతుంది. మళ్ళీ చల్లని ద్రవమై గదిలోకి వస్తుంది.

చూశారా! ఏసీ చల్లదనాన్ని తయారుచేయడం లేదు. గదిలోని వేడిని ఎత్తుకొని పోయి బయట పారేసి వస్తోంది. మూటలు మోసే కూలీ వంటిది అది. లోపల గాలి ఆ మూటను దాని నెత్తికెత్తాలి, బయట గాలి దాన్ని దింపుకోవాలి. ఎత్తేవాడు లేకపోయినా, దింపేవాడు లేకపోయినా పని ఆగిపోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మన కథ అంతా దీనిమీదే నడుస్తుంది.

ఇద్దరు అనుమానితులు

ఇప్పుడు మంచు సంగతి చూద్దాం. కాయిల్ 5 డిగ్రీల దగ్గర ఉంటే గాలిలోని తేమ దానిమీద నీటిబొట్లుగా మారుతుంది. ఆ నీరు పైపు గుండా బయటికి పోతుంది. మంచు కట్టాలంటే కాయిల్ ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి దిగాలి. అలా దిగడానికి ముఖ్యంగా రెండు కారణాలున్నాయి.

మొదటిది, గ్యాస్ తగ్గడం. లీకు వల్ల గ్యాస్ తగ్గితే కాయిల్‌లో పీడనం పడిపోతుంది. ఆర్-22 పీడనం 5 వాతావరణ పీడనాల కంటే తగ్గితే దాని మరుగు స్థానం సున్నా కిందికి దిగిపోతుంది. అప్పుడు కాయిల్‌కు మంచు పడుతుంది.

రెండోది, గాలి తగ్గడం. కాయిల్‌కు వేడి తెచ్చి ఇచ్చేది గాలే. గాలి తగ్గితే ద్రవాన్ని మరిగించడానికి చాలినంత వేడి అందదు. కంప్రెసర్ మాత్రం తన మానాన తాను లాగుతూనే ఉంటుంది. పీడనం, దానితోపాటు ఉష్ణోగ్రత దిగుతాయి. మళ్ళీ మంచే!

ఒకసారి మంచు మొదలైతే అది తనంతట తానే పెరుగుతుంది. మంచు రేకుల మధ్య సందులను మూసేస్తుంది, దానితో గాలి ఇంకా తగ్గుతుంది. గాలి తగ్గితే మంచు ఇంకా పెరుగుతుంది. పైగా అల్యూమినియంతో పోలిస్తే మంచుగడ్డ వేడిని సుమారు వంద రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. కాబట్టి కాయిల్ చల్లగానే ఉన్నా, ఆ చల్లదనం గదికి అందదు. అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదే. మంచు కట్టిందంటే ఏసీ బాగా పనిచేస్తోందని కాదు, కాయిల్‌కు గదిలోని వేడి అందడం లేదని.

"మరి గ్యాసా, గాలా? ఎట్ల దెలుస్తది సార్?" అని అడిగింది అమ్మాయి.

ఒకే లక్షణానికి రెండు కారణాలున్నప్పుడు, రెంటినీ విడదీసే పరీక్ష ఒకటి పెట్టాలి. అంతేగాని తోచినదాన్ని నమ్మేయకూడదు. ఇక్కడ పరీక్ష సులభమే. ముందు గాలిని సరిచేసి చూడాలి. అప్పుడు మంచు రాకపోతే తప్పు గాలిదే. గాలి బాగా ఆడుతున్నా మంచు మళ్ళీ వస్తే, అప్పుడు గ్యాస్‌ను అనుమానించాలి. గాలిని సరిచేయడానికి ఖర్చేమీ లేదు కనుక పరీక్ష అక్కడినుంచే మొదలుకావాలి.

సిరిసిల్ల ఇంట్లో

ఆదివారం పొద్దున్నే బడి ప్రయోగశాలనుంచి ఒక ఉష్ణమాపకం తీసుకొని ఇద్దరం సిరిసిల్ల వెళ్ళాం. సిరిసిల్ల అంటేనే మరమగ్గాలు. అక్కడ వాటిని సాంచాలంటారు. వీధిలో అడుగుపెట్టగానే వాటి చప్పుడు వినిపిస్తుంది. అమ్మాయి పెద్దనాన్న ఇంట్లో కూడా వెనకవైపు రేకుల షెడ్డులో సాంచాలున్నాయి. దాన్ని ఆనుకొని ఉన్నదే తాత గది.

"రాండ్రి సార్, కూసోండ్రి. చల్లగ కావాల్నని పదహారుకు వెట్టిన. అయినా లాభం లేకపాయె" అన్నాడు ఆయన.

ఏసీ వేసి చూశాం. అమ్మాయి ఒక నూలుపోగు తెంపి గాలి వచ్చేచోట పట్టుకొంది. పోగు కదలీ కదలనట్టు వేలాడింది. అంటే గాలి రావడం లేదన్నమాట. ఎంత మంచి పరికరమో చూడండి, ఒక్క పైసా ఖర్చు లేదు!

మెయిన్ స్విచ్ ఆపి, పెద్దనాన్న ముందు మూత తెరిచి ఫిల్టర్ జాలీలను బయటికి లాగాడు. జాలీ కన్నాలు ఒక్కటీ కనిపించలేదు. షెడ్డులోనుంచి వచ్చిన దూది నూగు తెల్లని దుప్పటిలా దానిమీద పేరుకొంది. దాన్ని ఒలిస్తే అట్టముక్కలా ఊడివచ్చింది. ఏడాదిగా ఎవరూ కడగలేదట.

మంచును కత్తితో గీకబోయాడు పెద్దనాన్న. వద్దని ఆపాను. పల్చని రేకుల వెనక రాగి గొట్టం ఉంది. కత్తి మొన తగిలి దానికి చిల్లు పడితే, లేని గ్యాస్ లీకు అప్పుడు నిజంగానే వస్తుంది. మూత మూసి, కూలింగ్ ఆపేసి ఫ్యాను మాత్రమే తిప్పాం. గంటన్నరలో మంచంతా కరిగి నీరై పోయింది. ఈలోగా జాలీలను మామూలు నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాం.

పది గంటలకు మళ్ళీ కూలింగ్ వేశాం. ఈసారి నూలుపోగు జెండాలా ముందుకు చాచుకొంది. ఇరవై నిమిషాలు ఆగి ఉష్ణమాపకంతో చూస్తే, ఏసీ లోపలికి పీల్చే గాలి 31 డిగ్రీలు, బయటికి వదిలే గాలి 20 డిగ్రీలు ఉన్నాయి. తేడా 11 డిగ్రీలు. మంచి స్థితిలో ఉన్న ఏసీలో ఈ తేడా సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల దాకా ఉంటుంది. గంట గడిచినా మంచు జాడ లేదు.

పదహారు డిగ్రీలకు పెట్టడం వల్ల లాభం లేకపోగా నష్టమే జరిగిందని కూడా వివరించాను. ఇలాంటి పాత ఏసీలో కంప్రెసర్ నడిస్తే పూర్తిగా నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది. 16కు పెడితే అదేమీ వేగంగా చల్లబరచదు, ఆ డిగ్రీకి చేరేదాకా ఆగకుండా నడుస్తుందంతే. గాలి లేని కాయిల్ మీద అలా ఆగకుండా నడిస్తే మంచు కట్టక ఏం చేస్తుంది? మన దేశంలో అమ్మే ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలుకావాలని 2020 జనవరి నుంచి నియమం ఉంది.

"గ్యాస్ అక్కరలేదు. రోగం దొరికింది" అని ధీమాగా చెప్పి, తాతకు నమస్కారం చేసి మధ్యాహ్నం బస్సుకు నేను తిరిగి వచ్చేశాను. అమ్మాయి అక్కడే ఉండిపోయింది.

మీటరు మీది ఎర్రదీపం

మూడు గంటలకు ఫోను వచ్చింది. "సార్, మళ్ళ చల్లవడతలేదు. మంచు మాత్రం లేదు. నూలుపోగు మంచిగనే ఎగురుతున్నది. వచ్చేది ఉత్తగాలి."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. పొద్దున ధీమాగా చెప్పిన మాట తప్పిందని సిగ్గనిపించింది. కాని సిగ్గుపడి ఊరుకుంటే లాభం లేదు, ఉన్న ఆధారాలు చూడాలి. మంచు లేదు, గాలి ఉంది. అంటే పొద్దుటి తప్పు తిరిగి రాలేదు. ఇది వేరే సంగతి. చల్లదనం అసలే లేదంటే కంప్రెసర్ నడుస్తోందా లేదా అన్నది ముందు తేలాలి. దానికి బయటి యూనిట్ విప్పాలా? అవసరం లేదు. ప్రతి ఇంట్లోనూ కరెంటు మీటరు ఉంది కదా!

ఇప్పటి మీటర్లమీద చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుమంటుందో మీటరు మీదే రాసి ఉంటుంది. ఆ ఇంటి మీటరు మీద 3200 అని ఉంది. అంటే 3200 మిణుకులయితే ఒక యూనిట్, అనగా ఒక కిలోవాట్ గంట ఖర్చయిందన్నమాట. నిమిషంలో మిణుకులు లెక్కపెట్టి, దాన్ని 60తో హెచ్చించి, 3200తో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు వాడుతున్నామో వస్తుంది.

"ఇంట్ల మిగతావన్నీ బందు పెట్టి, ఏసీ ఒక్కటే ఉంచి, గడియారం చూసుకుంట లెక్కపెట్టు బిడ్డా. నిమిషం నిమిషానికీ రాసుకో" అన్నాను. సాంచాలకు వేరే మీటరు ఉండటం వల్ల లెక్కకు అడ్డు లేకపోయింది.

అరగంట తరవాత అమ్మాయి రాసుకొన్న అంకెలు చదివింది. మొదట నిమిషానికి 85. తరవాత 90, 96, 102. అంతలో బయట "టక్" మన్న చప్పుడు, ఆ వెంటనే నిమిషానికి 3 మాత్రమే. కొంతసేపటికి మళ్ళీ 85తో మొదలు.

లెక్క వేయండి. 85 మిణుకులంటే సుమారు 1600 వాట్లు. ఒకటిన్నర టన్నుల పాత ఏసీకి ఇది మామూలే. 102 అంటే 1900 వాట్లు. ఇది ఎక్కువ. 3 అంటే 56 వాట్లు. అంటే గదిలోని ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది, కంప్రెసర్ ఆగిపోయింది.

కంప్రెసర్ చెడిపోతే 85 దాకా పోనేపోదు. గ్యాస్ బాగా తగ్గితే కంప్రెసర్‌కు నొక్కే పని తగ్గి వాట్లు తగ్గాలి గాని పెరగవు. ఇక్కడ వాట్లు పెరుగుతూ పోయి, యంత్రం తనను తాను ఆపుకొంటోంది. అంటే ఏదో దాన్ని ఊపిరాడనీయడం లేదు.

"బయటి యూనిట్ ఎక్కడున్నదమ్మా?" అని అడిగాను.

"వెనక గోడకు సార్. ఎండ తగలద్దని పెద్దనాయిన దాని చుట్టూ గోనెసంచులు కట్టిండు" అని చెబుతూ చెబుతూ అమ్మాయి ఒక్కసారి ఆగిపోయింది. తరవాత గబగబా అంది. "సార్! లోపట గాలి ఆగితే మంచు గట్టె. బయట గాలి ఆగితే వేడెక్కె. రెండూ ఒక్కటే గదా సార్! మూట దింపుకునేటోడు లేడు!"

ఏడు హీటర్లను సంచిలో కట్టినట్టు

పెద్దనాన్న చేసింది మంచి ఉద్దేశంతోనే. నీడ ఉంటే యంత్రానికి మేలే. కాని నీడ వేరు, ముసుగు వేరు. ఇక్కడ చిన్న లెక్క చూద్దాం.

ఏసీని "టన్ను"లలో కొలుస్తారు. అది యంత్రం బరువు కాదు. అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచును 24 గంటల్లో కరిగించడానికి ఎంత వేడి కావాలో, అంత వేగంతో వేడిని మోయగలిగితే అది ఒక టన్ను ఏసీ. అది దాదాపు 3.5 కిలోవాట్లకు సమానం. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోనుంచి సెకనుకు సుమారు 5.3 కిలోజౌళ్ళ వేడిని, అంటే 5.3 కిలోవాట్లను మోస్తుంది. ఇందుకు వాడుకొన్న 1.6 కిలోవాట్ల కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది. రెండూ కలిపి 6.9 కిలోవాట్లు. అంటే బయటి యూనిట్ విడిచే వేడి, వెయ్యివాట్ల హీటర్లు ఏడు కలిపి వెలిగిస్తే వచ్చే వేడికి సమానం. దాన్ని గోనెసంచుల్లో కట్టిపడేస్తే ఏమవుతుంది? విడిచిన వేడిగాలినే ఫ్యాను మళ్ళీ మళ్ళీ పీల్చుకొంటుంది. గ్యాస్ ద్రవం కావాలంటే ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రతకు, పీడనానికి చేరాలి. 19 వాతావరణ పీడనాలతో సరిపోయే పని 25 దాటినా పూర్తికాదు. కంప్రెసర్ మీద బరువు పెరిగి, అది లాగే కరెంటు పెరుగుతుంది.

చివరికి దాన్ని కాపాడింది మీరు ఏడో, ఎనిమిదో తరగతిలో చదువుకొనే చిన్న వస్తువే. ద్విలోహ పట్టీ! రెండు వేర్వేరు లోహపు రేకులు అతికించి ఉంటాయి. వేడెక్కితే ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ వ్యాకోచించి పట్టీ వంగుతుంది. వంగి కరెంటును తెంచేస్తుంది. ఇస్త్రీపెట్టెలో ఉండేదీ ఇదే. "టక్"మన్న చప్పుడు దానిదే. చల్లారాక పట్టీ తిన్నగా అయి మళ్ళీ కరెంటు కలుపుతుంది.

మరి పొద్దున ఇదెందుకు బయటపడలేదు? పొద్దున బయట 31 డిగ్రీలే. మధ్యాహ్నం 42. చల్లటివేళ పరీక్షించి, ఎండవేళకు కూడా బాగుందని నేను చెప్పేశాను. నా తప్పు అదే. ఏ వేళలో జబ్బు కనిపిస్తుందో ఆ వేళలోనే పరీక్ష చేయాలి. ఒక కారణం దొరికిందంటే అది ఒక్కటే కారణమని కాదు.

గోనెసంచులు విప్పేశారు. మర్నాడు మెకానిక్ వచ్చి, మెయిన్ ఆపి, బయటి కాయిల్ మీద పేరుకొన్న నూగును నీళ్ళతో కడిగాడు. గేజి పెట్టి చూస్తే గ్యాస్ సరిగ్గానే ఉంది. నాలుగు వందలు తీసుకున్నాడు. అమ్మాయి రాసిన అంకెల కాగితం చూసి, "ఫోన్ల మంచు గట్టిందని ఒక్కమాట జెప్తే నాకు గ్యాసే యాదికొస్తది. గిట్ల రాసిస్తే పని అల్కగైతుండె" అన్నాడట. న్యాయమైన మాటే. లక్షణం ఒక్కటే చెబితే వైద్యుడైనా పొరబడతాడు. ఆ రాత్రి తాత చల్లగా నిద్రపోయాడు. పెద్దనాన్న యూనిట్‌కు చాలా ఎత్తులో, నాలుగు వైపులా గాలి ఆడేలా తాటాకు పందిరి వేశాడు.

గ్యాస్ అయిపోతుందా?

"గ్యాస్ అయిపోయింది" అనే మాట తరచుగా వింటాం. వంటగ్యాస్ మండి ఖర్చవుతుంది. ఏసీ గ్యాస్ అలా మండి ఖర్చు కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతుందంతే. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతికి అతకకుండా గ్యాస్ నింపడమంటే కన్నం ఉన్న బిందెలో నీళ్ళు పోయడమే.

పైగా కారిపోయిన గ్యాస్ ఊరికే పోదు. 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు, ఫ్రిజ్‌లలో వాడే క్లోరిన్ ఉన్న వాయువులు పై వాతావరణంలోని ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని హెచ్చరించారు. 1987లో ప్రపంచ దేశాలు మాంట్రియల్ ఒప్పందం చేసుకొని ఆ వాయువులను క్రమంగా తగ్గించసాగాయి. ఆర్-22లో కూడా క్లోరిన్ ఉంది. ఆర్-32లో క్లోరిన్ లేదు కనుక ఓజోన్‌కు హాని లేదు, కాని భూమిని వేడెక్కిస్తుంది. వంద సంవత్సరాల లెక్కన ఒక కిలో ఆర్-22 సుమారు 1800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా, ఆర్-32 సుమారు 675 కిలోలతో సమానంగా భూమిని వేడెక్కిస్తాయి. లీకును సరిచేయడం మన జేబుకే కాదు, భూమికి కూడా మేలు.

మనుషులకంటే ముందు దారాలకు

ఇంకొక విచిత్రం. ఏసీ మొదట పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు. 1902లో అమెరికాలో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుకూటంలో, గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగుతూ ముడుచుకుంటూ ఉండటం వల్ల రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడేవి కావు. దాన్ని సరిచేయడానికి విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు గాలిలోని తేమను అదుపుచేసే యంత్రాన్ని రూపొందించాడు. "ఎయిర్ కండిషనింగ్" అనే మాటను 1906లో వాడుకలోకి తెచ్చినవాడు స్టువార్ట్ క్రామర్. ఆయన పనిచేసింది బట్టల మిల్లులకు! పొడిగాలిలో నూలు పెళుసెక్కి తెగుతుంది, తగిన తేమ ఉంటే తెగదు. సిరిసిల్ల నేతన్నలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. దారాల కోసం పేరు పెట్టుకొన్న యంత్రం, వందేళ్ళు దాటాక ఆ దారాల నూగుతోనే ఊపిరాడక ఆగిపోయిందన్నమాట!

ఈ వరుస గుర్తుంచుకోండి

1. కరెంటు: మీటరు మిణుకులు లెక్కపెట్టండి. నిమిషానికి రెండు మూడే ఉంటే కంప్రెసర్ నడవడం లేదు.
2. లోపలి గాలి: నూలుపోగు పట్టి చూడండి. ఎగరకపోతే ఫిల్టర్ జాలీలు చూడాలి.
3. బయటి గాలి: యూనిట్ చుట్టూ సంచులు, సామాను, గోడ అడ్డం ఉన్నాయేమో చూడండి.
4. ఉష్ణోగ్రత తేడా: జబ్బు కనిపించే వేళలోనే కొలవండి.
5. ఇవన్నీ బాగుండి, తేడా తక్కువగా ఉంటేనో, మంచు మళ్ళీ కడితేనో గ్యాస్ లీకును అనుమానించండి.

జాగ్రత్తలు

ఫిల్టర్ తీసే పని పెద్దవాళ్ళ సమక్షంలో, మెయిన్ ఆపాకే చేయాలి. బయటి యూనిట్‌ను మీరు విప్పరాదు. అందులో ఉండే కెపాసిటర్ స్విచ్ ఆపాక కూడా కొంతసేపు విద్యుదావేశాన్ని దాచుకొని గట్టిగా షాకు కొట్టగలదు. మిద్దె అంచుకు, గోడలమీదికి ఎక్కరాదు. అగ్గిపుల్ల వెలిగించి లీకు వెతకరాదు, ఆర్-32 నిప్పు అంటుకొనే గుణం కలది. మెకానిక్‌లు సబ్బునురుగుతో వెతుకుతారు. మీటరును కంటితో చూడటమే గాని చేత్తో తాకరాదు.

చేసి చూడండి

ఇంట్లో ఏసీ లేకపోయినా ఫరవాలేదు. మీ మీటరు మీద యూనిట్‌కు ఎన్ని మిణుకులో చదవండి. మిగతావన్నీ ఆపి, ఒక ఫ్యాను మాత్రం వేసి ఐదు నిమిషాల మిణుకులు లెక్కపెట్టండి. ఫ్యాను ఎన్ని వాట్లు తీసుకుంటోందో కట్టండి. ఫ్రిజ్ ఉంటే, అది రోజులో ఎంతసేపు నడుస్తోందో ఇదే పద్ధతిలో కనుక్కోవచ్చు.

ఆలోచించండి

1. ఒక ఏసీ పైపునుంచి గంటకు అర లీటరు నీరు వచ్చింది. కిలో నీటి ఆవిరి నీరుగా మారితే సుమారు 2450 కిలోజౌళ్ళ వేడి విడుదలవుతుంది. అయితే ఆ ఏసీ తేమను తీయడానికే ఎన్ని వాట్ల వేడిని మోస్తోంది?
2. గది తలుపులన్నీ మూసి, ఫ్రిజ్ తలుపు తెరిచిపెడితే గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా? మూటలు మోసే కూలీని తలచుకొని చెప్పండి.
3. ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టవద్దంటారు. ఎందుకు?

(జవాబులు: 1. సుమారు 340 వాట్లు. 2. వేడెక్కుతుంది, మూట దింపేదీ అదే గదిలో కనుక. 3వ ప్రశ్నకు జవాబు ఈ పాఠంలోనే ఉంది. వెతకండి.)